హోంవర్కును మళ్లీ డైరీలోకి తీసుకురండి

సంపాదకుల వారికి,

నమస్కారములు. పిల్లల చేతికి ఫోను ఇచ్చి చెడగొడుతున్నది తల్లిదండ్రులేనన్న విమర్శ ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ ఫోను ఇవ్వక తప్పని పరిస్థితిని బడులే కల్పిస్తున్న సంగతిని ఎవరూ ప్రస్తావించడం లేదు.

మా అమ్మాయి నల్లకుంట దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. 2020లో కరోనా వల్ల ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు హోంవర్కు డైరీ నుంచి వాట్సాప్ గ్రూపులోకి మారింది. బడులు తెరిచి ఇన్నేళ్లయినా అది అక్కడే ఉండిపోయింది. వర్క్‌షీట్లు, మరునాటి స్లిప్ టెస్టు సిలబస్ రాత్రి ఎనిమిది దాటాక వస్తాయి. వాటిని చూసి రాసుకోవడానికి ఫోను ఇస్తే, అదే ఫోనులో తోటి పిల్లల గ్రూపులు, ఇన్‌స్టాగ్రామ్, ఎంత జరిపినా అడుగంటని రీల్స్ ఉంటాయి. పదమూడేళ్ల పిల్ల చదువుకు ఏది అవసరమో అది మాత్రమే చూసి ఫోను తిరిగి ఇచ్చేస్తుందని ఆశించడం న్యాయం కాదు.

గత ఏడాది స్నేహితురాళ్లు తనను వదిలేసి వేరే గ్రూపు పెట్టుకున్నారని తెలిసిన రోజు నుంచి మా అమ్మాయి అర్ధరాత్రి లేచి ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. ఉదయం కడుపునొప్పి అనేది, అన్నం సగంలో వదిలేసేది. పిల్లల వైద్యుడు ఏ జబ్బూ లేదన్నారు. చివరికి కౌన్సెలర్ వద్దకు తీసుకెళ్తే, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, పాప రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోందని. మా వద్ద సమాధానం లేదు. మేం ఫోను లాక్కున్నాం. మూడో రోజే హోంవర్కు చేయలేదని పిల్లను తరగతిలో నిలబెట్టారు.

సామాజిక మాధ్యమాలు పిల్లలందరికీ ఒకే తీరున హాని చేస్తాయని నేను అనను. దీనిపై పరిశోధకుల మధ్య కూడా భేదాభిప్రాయాలున్నాయి. అయినా రోజుకు 3 గంటలకు మించి వాటిలో గడిపే కౌమార వయస్కులకు ఆందోళన, కుంగుబాటు లక్షణాలు కలిగే ముప్పు రెట్టింపని 2023లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ఆ ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) వివేక్ మూర్తి హెచ్చరించారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ల లోపు వారికి ఈ ఖాతాలు నిషేధించారు, మన దగ్గరా అలాగే చేయాలని కొందరు కోరుతున్నారు. కానీ అక్కడి నిషేధం వాట్సాప్‌కు వర్తించదు. ఇక్కడ అలాంటి చట్టమే వచ్చినా, హోంవర్కు వాట్సాప్‌లో ఉన్నంత కాలం రాత్రి పూట ఫోను పిల్లల చేతిలోనే ఉంటుంది.

అందువల్ల, హోంవర్కును చివరి గంట మోగేలోగా డైరీలోనే రాయించాలని, ఆ తరువాత విద్యార్థులకు గ్రూపుల ద్వారా ఏ పనీ పంపరాదని హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి ఉత్తర్వులు జారీ చేయాలని విజ్ఞప్తి చేస్తున్నాను. ఇందుకు పైసా ఖర్చు లేదు. అలాగే, విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది. నగరంలో ఎన్ని బడులు దీన్ని పాటిస్తున్నాయో తనిఖీ చేసి, ఆ వివరాలను తల్లిదండ్రుల ముందుంచాలి. కౌన్సెలర్ వచ్చేలోగా, తెలుగులోనూ ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను, ఫీజు గడువు తేదీలు అచ్చు వేసే ఆ డైరీ మొదటి పేజీలోనే వేయించాలి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
నల్లకుంట, హైదరాబాద్
(మా అమ్మాయి దృష్ట్యా పేరు ప్రచురించవద్దని మనవి)