వెళ్ళిన ప్యాకెట్ తిరిగొచ్చే దారి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. వర్చువల్ మెషీన్లను (కంప్యూటర్లోపల నడిచే కంప్యూటర్లను) వేరే సబ్‌నెట్‌లో (అడ్రసుల గుంపులో) పెట్టావు, వాటిని నడిపే హోస్ట్ దాకా పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) అవుతోంది, అది దాటితే ఉలుకూ పలుకూ లేదు, అంతేగా? పోయిన నెల నేనూ సరిగ్గా అక్కడే రెండు రాత్రులు కూర్చున్నానురా.

నా అమరిక చెప్తాను, నీదాంతో పోల్చుకో. లోకల్ నెట్‌వర్క్ 192.168.1.0/24 (అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రసులన్నీ), అందులో లినక్స్ హోస్ట్ 192.168.1.50. మెషీన్ల కోసం విడిగా ఒక బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్) చేసి 10.10.20.1 ఇచ్చాను, వాటన్నిటికీ గేట్‌వే (బయటికి పోయే ద్వారం) అదే. ఆ బ్రిడ్జ్‌లో ఫిజికల్ కార్డును మాత్రం కలపకు. కలిపితే రెండు సబ్‌నెట్లూ ఒకే తీగ మీద పడతాయి, వేరు చేసిన ఫలితం దక్కదు.

హోస్ట్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక వైపు వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో వైపు పంపడం) 1 చేశావో లేదో చూడు. మామూలుగా అది 0లో ఉంటుంది. సెట్టింగ్ ఫైల్లో కూడా రాసెయ్, లేకపోతే రీబూట్‌తో పోతుంది. అదే హోస్ట్‌లో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ చెయిన్ (దాటిపోయే ప్యాకెట్ల నియమాలు) పాలసీని డ్రాప్‌కి, అంటే పారెయ్యడానికి, మార్చేసి ఉండొచ్చు, నీ బ్రిడ్జ్‌కి అనుమతి నువ్వే ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా నాకు జవాబు రాలేదు. హోస్ట్‌లో టీసీపీడంప్ (వచ్చేపోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టాను. రిక్వెస్ట్ బ్రిడ్జ్ మీదికి వస్తోంది, బయటి కార్డు నుంచి వెళ్తోంది. అవతలి లినక్స్ కంప్యూటర్లోనూ పెట్టి చూస్తే, పాపం అది జవాబిస్తూనే ఉంది! నా మెషీన్ 10.10.20.5 ఎక్కడుందో తెలియక తన డిఫాల్ట్ గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, అప్పగిస్తోంది. రౌటర్‌కీ తెలియదు, ఇంటర్నెట్ వైపు పంపేస్తోంది. ప్రైవేట్ అడ్రస్‌కి అక్కడ దారెక్కడిది? మనం వెళ్ళే దారి వేసి ఊరుకున్నాం, వచ్చే దారి ఎవరూ వెయ్యలేదురా. రౌటర్‌లో ఒక స్టాటిక్ రూట్ పెట్టు: 10.10.20.0/24కి పోవాలంటే 192.168.1.50 ద్వారా.

హోస్ట్‌లో మాస్కరేడ్ (మెషీన్ అడ్రస్ బదులు హోస్ట్ అడ్రస్‌తో పంపడం) పెడితే ఈ రూట్ లేకుండానే పని జరుగుతుంది, నిజమే. కానీ మెషీన్లన్నీ బయటికి 192.168.1.50గానే కనిపిస్తాయి, బయటి నుంచి వాటిని నేరుగా పలకరించలేవు. రౌటర్ నీ చేతిలో లేనప్పుడే ఆ దారి పట్టు. కొన్ని రౌటర్లు తమ సొంత సబ్‌నెట్‌కి తప్ప వేరేదానికి నాట్ (ప్రైవేట్ అడ్రస్‌ని ఇంటర్నెట్ అడ్రస్‌గా మార్చడం) చెయ్యవు, అలాంటప్పుడు ఇంటర్నెట్‌కి పోయే ట్రాఫిక్‌కి మాత్రం మాస్కరేడ్ పెట్టుకో.

ఇంకొకటి. రూట్ పెట్టాక నాకు పింగ్ వచ్చింది, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) మాత్రం బిగుసుకుపోయింది. వెళ్ళేది హోస్ట్ నుంచి నేరుగా, వచ్చేది రౌటర్ చుట్టూ తిరిగి. రౌటర్‌లోని ఫైర్‌వాల్‌కి సంభాషణలో సగమే కనబడి ఎస్ఎస్‌హెచ్ వాడే టీసీపీని ఆపేస్తోంది. పింగ్ జవాబులో టీటీఎల్ (దారిలో ఒక్కో మజిలీ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె) 62 ఉండటం చూసి పసిగట్టాను. లినక్స్ 64తో పంపుతుంది, రౌటర్ ఒకటి, హోస్ట్ ఒకటి తగ్గించాయన్నమాట. అవతలి కంప్యూటర్లోనే 10.10.20.0/24 రూట్ వేశాను. టీటీఎల్ 63 అయింది, ఎస్ఎస్‌హెచ్ వెంటనే తెరుచుకుంది. అప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను మామా!

నీకు టీటీఎల్ ఎంత వస్తోందో చూసి రాయి. రెండు కార్డుల మీద పట్టిన టీసీపీడంప్ కూడా పంపు, కలిసి చూద్దాం.

నీ
మామ