కొన్నవాడే టెస్టర్ కావాలా?

సంపాదకుడు గారికి,

మీ టెక్నాలజీ పేజీలో కొత్త వైఫై రౌటర్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. డబ్బాల మీద ఉండే స్పీడ్ లెక్కలన్నీ వరసగా ఇచ్చారు. ఇంట్లో పెట్టుకుంటే అవి రోజంతా ఆగకుండా పనిచేస్తాయా అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఆ విషయంలో దెబ్బతిన్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

2023 చివర్లో నేనొక వైఫై 7 రౌటర్ కొన్నాను. కంపెనీ పేరు అనవసరం. డబ్బా విప్పి ప్లగ్ పెట్టగానే 'అప్‌డేట్ చేయాలి' అంది. చేశాను. వారం తిరక్కముందే ఇంకో అప్‌డేట్. పగలంతా బుద్ధిగా ఉండేది. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకునేసరికి ఆకుపచ్చ లైటు కాస్తా నారింజ రంగులోకి తిరిగేది. రెండు నిమిషాల్లో దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఆఫీసు మీటింగులో నేను నోరు తెరిచి బొమ్మలా ఆగిపోవడం మా వాళ్లకు అలవాటైపోయింది. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే మంత్రం: వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు పట్టుకోండి. గుచ్చీ గుచ్చీ నా వేలు నొప్పి పుట్టింది తప్ప దాని జబ్బు తగ్గలేదు.

డబ్బా మీద పెద్దక్షరాల్లో 'మల్టీ లింక్' అని ఉంది. రెండు మూడు బ్యాండ్లను, అంటే వేర్వేరు రేడియో తరంగాల శ్రేణులను, ఒకేసారి వాడుకోవడం అన్నమాట. వైఫై 7 కొనేవాళ్లలో చాలామంది దానికోసమే కొంటారు. సెట్టింగుల్లో ఎంత వెతికినా ఆ ఆప్షన్ లేదు. అడిగితే, "అది తర్వాతి అప్‌డేట్‌లో వస్తుంది సార్, డబ్బా అడుగున రాశాం కదా" అన్నారు. తిరగేసి చూస్తే నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ అప్‌డేట్ రావడానికి ఏడు నెలలు పట్టింది. దాంతోపాటు వచ్చిన వివరణ ఒక్క ముక్క: 'స్థిరత్వం మెరుగుపరిచాం'. అంటే అప్పటిదాకా లేదనేగా!

ఇది నా ఒక్కడి దురదృష్టం అనుకుని ఊరుకునేవాణ్ని, కాస్త వెనక్కి తిరిగి చూడకపోతే. నేను కొన్ననాటికి వైఫై 7 ప్రమాణం, అంటే అన్ని కంపెనీల పరికరాలూ ఒకే తీరుగా పనిచేయడానికి పెట్టుకునే నియమాల పత్రం, ఇంకా ఖరారే కాలేదు. వైఫై కంపెనీల సంఘమైన వైఫై అలయన్స్ సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది 2024 జనవరిలో. ప్రమాణాలు రాసే ఐఈఈఈ దానికి ఆమోదముద్ర వేసింది ఆ సెప్టెంబరులో. అది అధికారికంగా ప్రచురితమైంది 2025 జులైలో. రౌటర్లు మాత్రం 2023 నుంచే అమ్ముతున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. ఇప్పుడు వైఫై 4 అంటున్న 802.11ఎన్ సంగతే చూడండి. 2006 మేలో దాని మొదటి ముసాయిదాను ఓటుకు పెడితే 75 శాతం రావాల్సిన చోట సగం కూడా రాలేదు. సుమారు 12 వేల వ్యాఖ్యలు వచ్చిపడ్డాయి. అప్పటికే 'డ్రాఫ్ట్ ఎన్' పేరుతో రౌటర్లు మార్కెట్లో ఉన్నాయి. వాటిలో కొన్ని స్పీడ్ కోసం రెండు చానెళ్ల (బ్యాండ్‌లోని చిన్న భాగాల) వెడల్పు ఆక్రమించేవి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు ఉండేవే మూడు: 1, 6, 11. అందులో ఒకరు అంత మేర పరుచుకుంటే పక్కింటివాడి పాత రౌటర్ గతేమిటి? చుట్టుపక్కల ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకుని తగ్గాలన్న నిబంధన తుది ప్రమాణంలో చేర్చారు. అది వచ్చింది 2009లో. ఈలోగా నెట్ ఎందుకు నెమ్మదించిందో తెలియక తన రౌటర్‌నే తిట్టుకున్న పక్కింటివాళ్లు ఎంతమందో.

న్యాయంగా చెప్పాలంటే ముసాయిదా మీద తయారైనదంతా చెత్త కాదు. 2007లో వైఫై అలయన్స్ రెండో ముసాయిదాకు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆ పరికరాలు తుది ప్రమాణం వచ్చాక కూడా నిక్షేపంగా పనిచేశాయి. ప్రమాణానికి ఏళ్లు పడుతుంటే కంపెనీలు అన్నాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోవాలని నేననను. పరీక్ష పెట్టి అమ్మండి, పెట్టకపోతే ఆ మాట చెప్పి అమ్మండి అంటున్నాను.

నెట్ ఆగిపోతే చిరాకుతో పోతుంది. భద్రత దగ్గర తొందరపడితే అలా కాదు. బటన్ నొక్కో ఎనిమిది అంకెల పిన్ కొట్టో కనెక్ట్ అయ్యే డబ్ల్యూపీఎస్ గుర్తుందా? ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు, ఎవడు కనిపెడతాడులే అనుకుంటాం. కానీ రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూసేది. మొదటి నాలుగు అంకెలు తప్పయితే అక్కడే చెప్పేసేది. ఆఖరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేదే. వెరసి 11 వేల ప్రయత్నాల్లో తాళం ఊడొస్తుంది. ఈ లోపం 2011 డిసెంబరులో బయటపడేనాటికి అలాంటి రౌటర్లు లక్షల ఇళ్లలో ఉన్నాయి. కొన్నింటిలోనైతే సెట్టింగుల్లో డబ్ల్యూపీఎస్ ఆపేసినా లోపల అది ఆగేది కాదు. స్విచ్ ఉంది, దానికి వైరు లేదు!

ఎవరిని అడగాలన్నా కష్టమే. రౌటర్ కంపెనీ చిప్ తయారుచేసినవాళ్ల సాఫ్ట్‌వేర్ మీదికి నెడుతుంది. చిప్ కంపెనీ మాకు కొనేవాళ్లతో సంబంధం లేదంటుంది. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు మా లైను బాగానే ఉంది, మీ రౌటర్ చూసుకోండి అంటారు. తిలాపాపం తలా పిడికెడు. ఈలోగా మోడల్ పాతబడుతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి, కొత్త నంబరుతో కొత్త డబ్బా వస్తుంది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఈ రోజు పనిచేసేవేమిటో, తర్వాత వచ్చేవేమిటో డబ్బా ముందువైపే, స్పీడ్ అంకె ఎంత సైజులో ఉందో అంత సైజులో రాయాలి. అన్నట్టు ఆ స్పీడ్ అంకె సంగతి: పాత 'ఏసీ1900' రౌటర్లలో ఆ 1900 అంటే ఒక బ్యాండ్‌లో 600, ఇంకో బ్యాండ్‌లో 1300 కలిపిన కూడిక. ఏ ఫోనూ ఆ రెంటినీ ఒకేసారి వాడుకున్న పాపాన పోలేదు. ఇక అప్‌డేట్లు ఏ తేదీ వరకు ఇస్తారో కొనేముందే చెప్పాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇది చట్టం. ఐరోపా సమాఖ్య చట్టం 2027 డిసెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వస్తుంది. అక్కడ చెప్పగలిగిన తేదీని మిగతా దేశాల డబ్బాల మీద అచ్చువేయడానికి సిరా కరువైందా?

మీకూ ఒక విన్నపం. రౌటర్ విడుదలైన రోజే సమీక్ష రాస్తే రాయండి. అదే రౌటర్‌ను ఆరు నెలలు వాడి ఇంకోసారి రాయండి. ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని అప్‌డేట్లు వచ్చాయి, డబ్బా మీదున్నవాటిలో ఏవి ఇంకా రాలేదు, ఇవి చాలు. మొదలుపెట్టడానికి రౌటర్ దొరక్కపోతే నాది పంపిస్తాను, డబ్బాతో సహా. పిన్ను కూడా అందులోనే ఉంటుంది.

భవదీయుడు,
మీ పాఠకుడు