ఒక రోజంతా మా పిల్లల్ని చూసుకున్న మీ అందరికీ వందనాలు

పోయిన శనివారం పొద్దున పిల్లలు లేవకముందే వచ్చి, రాత్రి వాళ్ళు పడుకునే దాకా మా పిల్లల హోం పనంతా నెత్తిన వేసుకున్న మీ చర్చి సంఘం వాళ్ళందరికీ ప్రభువు పేరట వందనాలు. ఆ రాత్రి మీరు బయలుదేరేటప్పుడే చెబుదామనుకున్నాను కానీ పిల్లలు మీ చుట్టూ మూగి ఉన్నారు, నాకూ గొంతు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే మీరు చేసిన సాయం ఎంతటిదో మీలో చాలామందికి తెలియదు.

అందరూ "పిల్లల్ని భలే సంతోషపెట్టారు" అంటున్నారు. నిజమే, సంతోషపడ్డారు. కానీ ముందు మా సంగతి చెప్పనివ్వండి. హోంలో పిల్లల్ని చూసుకునేవాళ్ళకి సెలవు కాగితం మీదే ఉంటుంది. ఒకరు వెళ్తే ఆ పని ఇంకొకరి మీద పడుతుంది, అది తెలిసి ఎవరూ అడగరు. శనివారం మాతో పనిచేసే అక్క ఒకామె ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న కంటి పరీక్షకి వెళ్ళింది. ఇంకొకామె మంచాన పడ్డ వాళ్ళమ్మ దగ్గర సాయంత్రం దాకా కూర్చుని వచ్చింది, వచ్చాక ఆమె మాట తీరే మారిపోయింది. నేను నిద్రపోయాను. ఎవరైనా ఏడుస్తున్నారేమోనని ఒక చెవి అటు పడేసి పడుకునే నిద్ర కాదు, పగటిపూట తలుపేసుకుని ఒళ్ళు తెలియకుండా పోయిన నిద్ర. పిల్లలకి తెలిసిన మొహం ఒకటైనా ఎదురుగా ఉండాలి కాబట్టి మేం వంతులవారీగా ఉన్నాం, అయినా ఆ కొన్ని గంటలు మా అందరికీ ఎంత ఊపిరి పోశాయో మాటల్లో చెప్పలేను.

మీరు ఫోన్ చేసినప్పుడు అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది. మామూలుగా "ఎంతమంది పిల్లలు, ఏమేం తేవాలి, ఎన్నింటికి రావాలి" అని అడుగుతారు, అందులో తప్పేం లేదు, ప్రేమతోనే అడుగుతారు. మీరు మాత్రం "అక్కా, మీకు ఏ పని బరువుగా ఉంది?" అని అడిగారు. ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. ఆలోచించి ఉన్నదున్నట్టు చెప్పాను: పక్కబట్టలు ఉతకాలి, పిల్లల తలలు చూడాలి, మందుల రిజిస్టర్ తిరగరాయాలి, యూనిఫాంల గుండీలు కుట్టాలి. ఫొటో తీసుకోదగ్గ పని అందులో ఒక్కటీ లేదు, అయినా మీరు ఒక్కటీ వదల్లేదు.

మా రూల్స్ విని మొహం చిట్లించుకోనందుకు కూడా థాంక్స్. గుర్తింపు కార్డులు అడిగాం, ముందే ఒకసారి వచ్చి పిల్లలకి పరిచయం కావాలన్నాం, ఏ పిల్లనీ పిల్లాణ్ణీ ఒంటరిగా గదిలోకి తీసుకెళ్ళొద్దని, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలని చెప్పాం. "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అని నొచ్చుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఈ జాగ్రత్త అందరికీ ఒకేలా ఉంటేనే పిల్లలకి రక్షణ. మీలో ఒక పెద్దాయన "మా సండే స్కూల్లో కూడా ఇదే పెడతాం, రాసివ్వండి" అన్నారు. ఆ మాటకి నాకెంత సంతోషమేసిందో.

తలలు చూసిన చెల్లెళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేల దువ్వెనతో ఒక్కో తలా దువ్వడం గంటల తరబడి పని, నడుం పట్టేస్తుంది. అది చేస్తూ మీరు ఒక్క పిల్ల దగ్గర కూడా ముక్కు విరవలేదు, "అయ్యో ఇన్నా" అనలేదు, కథలు చెప్తూ దువ్వారు. బడిలో పేలున్నాయని పక్కన కూర్చోనివ్వని పిల్ల ఒకామె ఉంది, ఆ పిల్ల వంతు అయిపోయాక కూడా లేవకుండా ఇంకోసారి చూడమని అడిగింది. రాత్రి పక్క తడిపే పిల్లల పరుపుల్ని ఎవరివో బయటపడకుండా అందరి పరుపులతో కలిపి ఎండలో వేసిన తమ్ముళ్ళకి కూడా నా నమస్కారాలు. అలా చేయమని నేను చెప్పలేదు, మీకే తోచింది.

ఇంకో విషయం, ఇది మీతో పాటు ఇక ముందు వచ్చేవాళ్ళ కోసం కూడా. మీరు గేటు దాటి లోపలికి రాగానే ఒక చిన్నాడు పరుగెత్తుకొచ్చి మీలో ఒకరి మెడకి చుట్టుకున్నాడు, గుర్తుందా? కొత్తవాళ్ళు ఎవరొచ్చినా వాడంతే. చూసేవాళ్ళు "ఎంత ప్రేమ గల పిల్లాడో" అంటారు. మాకు ట్రైనింగ్‌లో చెప్పింది వేరు. చిన్నప్పుడు తనదంటూ ఒక మనిషి లేక, చేతులు మారుతూ పెరిగిన పిల్లల్లో కొందరు ఎవరి దగ్గరికైనా ఇలాగే వెళ్ళిపోతారు. పసిపిల్లకి విడవకుండా అంటిపెట్టుకుని ఉండే ఒక మనిషి ఎంత అవసరమో జాన్ బౌల్బీ అనే డాక్టర్ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఇచ్చిన రిపోర్టులో రాశారు. 2000లో రుమేనియాలోని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల పిల్లలు 136 మందితో ఒక పరిశోధన మొదలైంది, వాళ్ళలో సగం మందిని పెంపుడు కుటుంబాలకి పంపారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు, అందులోనూ రెండేళ్ళ వయసులోపే వెళ్ళినవాళ్ళు, బాగా కోలుకున్నారు. అందుకే వాడు మెడ పట్టుకున్నప్పుడు మీలో ఆ అన్న ఏం చేశాడో చూసి నా మనసు నిండిపోయింది. వాణ్ణి విదిలించలేదు, ఎత్తుకునే తిప్పుతూ ఉండిపోలేదు, చెయ్యి పట్టుకుని తిన్నగా మా అక్క దగ్గరికి తీసుకొచ్చి "అమ్మని అడిగి ఆడుకుందాం పద" అన్నాడు. ఆ ఒక్క మాటతో వాడి మనిషి ఎవరో వాడికి గుర్తుచేశాడు. వెళ్ళేటప్పుడు "మళ్ళీ రేపొస్తాం" అని ఎవరూ చెప్పనందుకు కూడా థాంక్స్. పిల్లలు ఆ మాట నమ్మి గేటు దగ్గర కూర్చుంటారు.

ఫోన్లన్నీ ఆఫీసు గదిలో పెట్టేశారు. ఈ పోస్టుకి ఫొటో లేదేమని అడుగుతున్నవాళ్ళకి అదే నా జవాబు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో పిల్లల ఆంతరంగికతకి (ప్రైవసీకి) ప్రత్యేకంగా ఒక అధికరణం ఉంది, మా పిల్లలకీ అది వర్తిస్తుంది. రేపు వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక "హోంలో పెరిగాను" అని ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి.

సాయంత్రం ప్రార్థన దగ్గర మా పిల్లలందరూ క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు కాదని మీరు గుర్తుపెట్టుకున్నారు. పాడాలనుకున్నవాళ్ళు పాడారు, పక్కన బొమ్మలు గీసుకున్నవాళ్ళని గీసుకోనిచ్చారు. ఆ తర్వాత పాస్టర్ గారు జార్జ్ ముల్లర్ గారి గురించి చెప్పారు. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక అద్దె ఇంట్లో కొద్దిమంది ఆడపిల్లలతో మొదలుపెట్టి, 1870 నాటికి ఐదు పెద్ద భవనాల్లో రెండు వేల మందికి పైగా చోటు కల్పించిన మనిషి. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. మధ్యలో మా ఎనిమిదేళ్ళ పిల్ల లేచి "అంతమందికి జడలు ఎవరు వేసేవాళ్ళు?" అని అడిగింది. పాస్టర్ గారు నవ్వి ఊరుకోలేదు. "వాళ్ళ పేర్లు నాకు తెలియవమ్మా, కానీ వాళ్ళు లేకపోతే ముల్లర్ గారొక్కరే ఏం చేయగలిగేవారు కాదు" అని, మా వైపు తిరిగి పిల్లలతో మాకు చప్పట్లు కొట్టించారు. అయ్యగారూ, ఆ చప్పట్లు మాకు చాలాకాలం సరిపోతాయి.

చివరిగా మా హోంలోని ఇద్దరు అన్నదమ్ముల గురించి. మా దగ్గరున్న చాలామంది పిల్లల్లాగే వాళ్ళకీ అమ్మ ఉంది. భర్త పోయి, పనికి వెళ్తే పిల్లల్ని చూసేవాళ్ళు లేక ఇక్కడ చేర్చింది. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని కన్నవాళ్ళ నుంచి విడదీయకూడదని, ఆ కుటుంబాన్నే ఆదుకోవాలని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బైబిల్లోని యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో కూడా అనాథలు, విధవరాండ్రు ఒకే వచనంలో పక్కపక్కనే ఉంటారు. మీ సంఘం వాళ్ళు ఆమెకి పని దొరికేలా చూస్తామని, బడి అయ్యాక పిల్లలు ఉండటానికి చోటు చూస్తామని మాటిచ్చి, సోమవారమే ఆమె దగ్గరికి వెళ్ళారని తెలిసింది. పిల్లల్ని అమ్మ దగ్గరికి పంపడానికి ఇక్కడ జరగాల్సిన పర్మిషన్ల పని మేం మొదలుపెట్టాం, దానికి కొంత టైం పడుతుంది, ఆ లోపు ఆమె ప్రతి ఆదివారం వచ్చి పిల్లలతో ఉండేలా ఏర్పాటు చేశాం.

మళ్ళీ వస్తామన్నవాళ్ళు ముందుగా ఫోన్ చేయండి. ఒకేసారి అందరూ వద్దు, ఇద్దరు ముగ్గురు చాలు, కానీ వచ్చేవాళ్ళు ప్రతిసారీ వాళ్ళే అయితే బాగుంటుంది. లెక్కల్లో వెనకబడ్డ పదో తరగతి పిల్లలు నలుగురున్నారు, ముందు వాళ్ళకి ఎవరైనా కావాలి.