కీమో మొదలెట్టకముందే అడుగు, బయాప్సీ బ్లాక్ చేతికి తెచ్చుకో

ఒరే రాంబాబూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాసి, చివర్లో అసలు ప్రశ్న పెట్టావు: లంగ్ క్యాన్సర్ ట్రయల్లో, అంటే కొత్త వైద్యాన్ని రోగుల మీద పరీక్షించి చూసే అధ్యయనంలో, మీ బాబాయిగారిని చేర్చుకుంటారా అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాణ్ణి నమ్మకురా. ఏ ట్రయల్ షరతులు దానివి. ఒకచోట కుదరని మనిషి ఇంకోచోట సరిగ్గా సరిపోతాడు.

ఒక్క పని మాత్రం రేపే చెయ్యి. కీమో మొదలెట్టకముందే "ఈయనకి సరిపడే ట్రయల్ ఏదైనా ఉందా" అని డాక్టర్‌గారిని అడుగు. ముదిరిన జబ్బుకి ఇంకా ఏ మందూ పడనివాళ్ల కోసమే చాలా ట్రయళ్లు నడుస్తాయి. కీమో ఒక్క సైకిల్ (విడత) ఎక్కిందంటే ఆ దారి పోయినట్టే. అలాగని ట్రయల్ కోసం వైద్యం ఆపుకుని కూర్చోకండి. ఆయాసం పెరుగుతుంటే మందే ముందు.

వాళ్లు మొదట చూసేది జబ్బు రకం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో దాదాపు 85 శాతం నాన్-స్మాల్ సెల్, మిగతావి స్మాల్ సెల్. ఈ రెంటి ట్రయళ్లు వేరువేరు. ఆ తర్వాత స్టేజ్, అంతకుముందు జరిగిన వైద్యం. 2017లో ఫలితాలు వచ్చిన పసిఫిక్ ట్రయల్‌నే చూడు. ఆపరేషన్‌కి వీల్లేని మూడో స్టేజ్ వాళ్లయి, కీమో, రేడియేషన్ కలిపి తీసుకుని, ఆ తర్వాత జబ్బు ముదరకుండా ఉంటేనే అందులో చోటు. అదీ చివరి రేడియేషన్ అయిన 42 రోజుల్లోపు. అందుకే డిశ్చార్జ్ సమ్మరీలో తేదీలు సరిగ్గా ఉండాలి. "మార్చిలో రేడియేషన్ అయింది" అంటే వాళ్లకి పనికిరాదు.

తర్వాత మ్యుటేషన్, అంటే క్యాన్సర్ కణాల జన్యువుల్లో వచ్చిన మార్పు. బాబాయిగారు చుట్టా బీడీ ముట్టని మనిషి కాబట్టి ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉండే అవకాశం ఎక్కువే. కానీ రిపోర్టులో "పాజిటివ్" అన్న మాట దగ్గరే ఆగిపోకు. ఆ జన్యువులో ఏ ముక్క (ఎక్సాన్) ఎలా మారిందో, అంటే ఎక్సాన్ 19 డిలీషనా, 21లో ఎల్858ఆరా, 20 ఇన్సర్షనా అన్నది చూడు. 20 ఇన్సర్షన్‌కి మామూలు ఈజీఎఫ్ఆర్ మాత్రలు చాలావరకు పనిచెయ్యవు, దాని ట్రయళ్లే వేరు. ఇంకో తిరకాసు ఏంటంటే, ఇమ్యూనోథెరపీ (ఒంటి రక్షణశక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొలిపే మందుల) ట్రయళ్లు చాలావాటిలో ఈజీఎఫ్ఆర్, ఆల్క్ జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్లని తీసుకోరు. అక్కడ చూసేది పీడీ-ఎల్1 శాతం, అంటే ఆ పేరుగల ప్రోటీన్ ఎంత శాతం క్యాన్సర్ కణాల మీద ఉందన్నది. కీనోట్-024 అనే ట్రయల్లో అది 50 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్లనే తీసుకున్నారు.

ఎక్కువమంది ఇరుక్కుపోయేది బయాప్సీ ముక్క దగ్గర. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, మైనంలో పొదిగిన ఆ ముక్క, అదే బ్లాక్, కావాలి. లేదా దానిలోంచి రంగు వెయ్యకుండా కోసిన స్లైడ్లు, సాధారణంగా పది పదిహేను. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. నెలల కిందట కోసి పెట్టిన స్లైడ్లు పీడీ-ఎల్1కి సరిగ్గా పనికిరావు, కొత్తగా కోయించాలి. ఎముకలోంచి తీసిన ముక్కయితే ఇంకో చిక్కు. ఎముకని మెత్తబరచడానికి ఘాటైన యాసిడ్‌లో నానబెడితే డీఎన్‌ఏ దెబ్బతిని, మ్యుటేషన్ పరీక్ష విఫలం కావచ్చు. ముక్క చాలకపోతే మళ్లీ బయాప్సీ చెయ్యాలంటారు. కొన్ని ట్రయళ్లు రక్తపరీక్షతో సరిపెట్టుకుంటాయి.

ఇక మనిషి ఓపిక. దీనికి ఈకాగ్ అని ఒక కొలత ఉంది. అన్ని పనులూ చేసుకుంటుంటే 0. బరువు పనులు చెయ్యలేకపోయినా తేలిక పనులు చేస్తుంటే 1. తన స్నానం, భోజనం తను చేసుకుంటూ, ఉద్యోగం చెయ్యలేక, పగలు సగానికి పైగా లేచి తిరుగుతుంటే 2. సగానికి పైగా మంచానో కుర్చీలోనో ఉంటే 3. పూర్తిగా మంచానపడితే 4. ఎక్కువ ట్రయళ్లు 0, 1 దగ్గరే ఆగిపోతాయి. మన జనం చాలామంది అసలు ఆసుపత్రికి వచ్చేదే 2లో ఉన్నప్పుడు కాబట్టి ఇది నాకు గిట్టదు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు గెఫిటినిబ్ అనే ఈజీఎఫ్ఆర్ మాత్రకి కీమో కలిపి 350 మందితో చేసిన ట్రయల్లో 2 ఉన్నవాళ్లనీ తీసుకున్నారు. 2019లో ఫలితాలు వచ్చాయి, కలిపి ఇచ్చినవాళ్లలో జబ్బు అదుపులో ఉన్న కాలం 8 నెలల నుంచి 16 నెలలకి పెరిగింది. అయినా సరే, డాక్టర్ ముందు బాబాయిగారిచేత హుషారు నటింపజెయ్యకు. ఆ షరతు ఆయన ప్రాణానికి కాపలా.

రక్తపరీక్షల్లో తరచూ కనిపించే అంకెలివి: హిమోగ్లోబిన్ కనీసం 9, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,500, ప్లేట్‌లెట్లు లక్ష, బిలిరుబిన్ మామూలు గరిష్ఠానికి ఒకటిన్నర రెట్లలోపు. కిడ్నీ దగ్గర జాగ్రత్త. క్రియాటినిన్ 1.0 అని చూసి సంబరపడకు, వాళ్లు వయసూ బరువూ కలిపి లెక్కకడతారు. 70 ఏళ్లు, 45 కిలోల మగమనిషికి ఆ 1.0తోనే క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం, 44 దగ్గర తేలుతుంది. 50 అడిగే ట్రయల్లో అక్కడితో ఆగిపోతాడు.

స్కాన్‌లో కొలవడానికి ఒక్క గడ్డయినా 10 మిల్లీమీటర్లుండాలి, లింఫ్ గ్రంథయితే అడ్డంగా 15. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు లెక్కలోకి రాదు. మెదడుకి పాకితే అన్నీ మూసుకుపోయినట్టు కాదు. వైద్యం అయి, కొన్ని వారాలు నిలకడగా ఉండి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 10 మిల్లీగ్రాములు దాటకపోతే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

టీబీ సంగతి మనవాళ్లు దాచేస్తారు, దాచొద్దు. దగ్గూ ఎక్స్‌రే నీడా చూసి ముందు టీబీ మందులు ఇచ్చిన కేసులు మనదేశంలో తక్కువేం కాదు. అందులోని రిఫాంపిసిన్ చాలా క్యాన్సర్ మాత్రల్ని ఒంట్లోంచి త్వరగా పంపించేసి పనిచెయ్యనివ్వదు. కాబట్టి ఎప్పుడు మొదలెట్టారో, ఎప్పుడు ఆపారో రాసిపెట్టు. కీళ్లవాతం, హెపటైటిస్ బీ, నాటుమందులు, ఆకుపసర్లు, అన్నీ చెప్పండి. దాచిన సంగతి మధ్యలో బయటపడితే నష్టం ఆయనకే.

ఈ పరీక్షలన్నీ సాధారణంగా 28 రోజుల్లోపు ముగియాలి. ఒక్కటి ఆలస్యమైతే స్కాన్ గడువు దాటిపోయి మళ్లీ తీయించుకోవాలి. అందుకని పరీక్షల తేదీలన్నీ ఒకే కాగితం మీద వేసుకో.

మనదేశంలో ఏ ట్రయళ్లు నడుస్తున్నాయో సీటీఆర్‌ఐ (భారత క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి, షరతులేంటి, అన్నీ అందులో ఉంటాయి. సంతకం పెట్టేముందు సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని అడుగు. పిన్నిగారు కూడా చదవాలి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. ఏ పరీక్షకి, ఏ మందుకి డబ్బు మనం కట్టాలో విడివిడిగా అడుగు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

బయాప్సీ రిపోర్టూ మ్యుటేషన్ రిపోర్టూ ఫోటోలు తీసి నాకు పంపు. బ్లాక్‌ని మాత్రం కొరియర్‌కి అప్పజెప్పకు. ఎండకి కారులో వదిలెయ్యకు, మైనం కరుగుతుంది. చేతిసంచిలో పెట్టుకుని నువ్వే తీసుకెళ్లు.

నీ
సూరి