కీమో మాత్రలతో పాటు తెలుగులో ఒక కాగితం కూడా ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

క్యాన్సర్ గురించి పేపర్లో ఎప్పుడు వచ్చినా సెలైన్ ఎక్కించే కీమో, జుట్టు ఊడటం, ఇవే ఉంటున్నాయండి. ఇప్పుడు పెద్దపేగు క్యాన్సర్‌కీ రొమ్ము క్యాన్సర్‌కీ ఇంట్లోనే కేపసిటబిన్ మాత్రలు వేసుకునేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, మా అమ్మ కూడా పేగు ఆపరేషన్ అయ్యాక ఇవే వాడుతోంది. మాత్రలే కదా, సూది పోటు తప్పింది కదా అని చుట్టాలు తేలిగ్గా అనేస్తారు, కానీ ఇది అచ్చంగా కీమోనే.

మింగినప్పుడు ఆ మాత్రలో మందు పనిచేసే రూపంలో ఉండదు. ముందు లివర్లో కొంత మారి, చివరికి ఒక ఎంజైమ్ వల్ల 5-ఎఫ్‌యూ అవుతుంది, అంటే ఎప్పట్నుంచో సెలైన్లో ఇస్తున్న పాత మందే. ఆ ఎంజైమ్ చాలా క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువ ఉంటుంది కాబట్టి మందు అక్కడ ఎక్కువ తయారై, కణాలు కొత్త డీఎన్ఏ చేసుకోకుండా అడ్డుపడుతుంది. కానీ నోట్లో, పేగుల్లో, ఎముక మూలుగలో ఉండే కణాలు కూడా గబగబా పెరిగేవే, వాటికీ దెబ్బ తగులుతుంది, అందుకే నోటిపూత, విరేచనాలు, రక్తకణాలు పడిపోవడం. మామూలుగా 14 రోజులు రెండు పూటలా తిన్న అరగంటలోపు వేసుకుని 7 రోజులు ఆపుతారు.

అన్నిటికంటే అమ్మని ఏడిపించింది చేతులు, కాళ్లు. అరికాళ్లు ఎర్రబడి మంటలు, చెప్పులు వేసుకుంటే నడవలేదు, వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా లేచిపోయి గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా వేలిముద్ర పడలేదు. సింగపూర్ పేషెంటు ఒకాయన్ని ఇదే మందు వల్ల వేలిముద్రలు పడక అమెరికా ఎయిర్‌పోర్టులో ఆపేశారని 2009లోనే మెడికల్ జర్నల్లో వచ్చింది, అయినా మనకి చెప్పేవాళ్లు లేరు. ఇలాంటివాళ్లకి అడగకుండానే కంటి ఐరిస్ తీసుకోమని డీలర్లకీ పింఛన్లు ఇచ్చేవాళ్లకీ అధికారులు గట్టిగా చెప్పాలి. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2024లో ఇచ్చిన స్టడీ చూడండి, చేతులకి డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్నవాళ్లలో ఈ బాధ ముదిరింది 3.8 శాతం మందికే, మందు లేని జెల్ రాసుకున్నవాళ్లలో 15 శాతం. మా డాక్టర్ గారు ఆ మాటే ఎత్తలేదు.

ఇంకో భయం ఉంది. కొందరికి పుట్టుకతోనే డీపీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉంటుంది, వాళ్లలో మందు విరగక ఒంట్లో పేరుకుపోయి మొదటి కోర్సులోనే ప్రాణం మీదకి రావచ్చు. యూరప్ మందుల ఏజెన్సీ 2020లోనే ముందుగా టెస్ట్ చేయమని చెప్పింది. మన దగ్గర కూడా కనీసం డాక్టర్ని అడగాలని పేషెంట్లకి తెలియాలి కదా. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఈ మాత్రలు కూడా వేసుకుంటే బ్లీడింగ్ అయ్యే ప్రమాదం ఉంది. నీరసంగా ఉందని ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసేస్తారు, దానివల్ల సైడ్ ఎఫెక్టులు ఇంకా పెరుగుతాయి.

ఆరోగ్యశ్రీలో ఇచ్చినా, డబ్బులు పెట్టి కొన్నా, స్ట్రిప్పుతో పాటు పెద్ద అక్షరాల్లో ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. రోజూ కంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైనా, 100.4 జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే ఫోన్ చేయండి అని అందులో ఉండాలి, అర్ధరాత్రి కూడా ఎత్తే నంబర్ ఒకటి కిందే రాసి ఉండాలి.

ఒక పాఠకురాలు, ఖమ్మం