టిప్పు పులి గొంతు మనకూ వినిపించండి

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న టిప్పు సుల్తాను చెక్కపులి గురించి ఈ లేఖ. వెనక్కి తెప్పించమనే ఉత్తరాలు మీకు చాలానే వచ్చి ఉంటాయి. నేను అడిగేది అంతకంటే చిన్న పని.

తెల్లవాడి మీద పడి గొంతు పట్టిన ఆ పులి బొమ్మ చాలామందికి తెలుసు. దాని పక్కటెముకల దగ్గరి తలుపు దించితే లోపల 18 దంతపు మీటల ఆర్గన్ ఉంది. వాటి స్వరాలు పలికేది ఇత్తడి గొట్టాలు. బయటి పిడి తిప్పితే తిత్తులు కదులుతాయి, కింద పడినవాడి చెయ్యి లేస్తుంది, వాడు మూలుగుతాడు, పులి గుర్రుమంటుంది. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు ఈస్టిండియా కంపెనీవారికి ఇది దొరికింది రాజభవనంలో వాద్యాలు ఉంచిన గదిలో. ఆయుధాల మధ్య కాదు, ఆటవస్తువుల మధ్యా కాదు. మన మాటల్లో మాత్రం పులే మిగిలింది, వాద్యం జారిపోయింది.

లండన్‌లో కంపెనీ కార్యాలయానికి వచ్చినవారు సరదాగా పిడి తిప్పుతుంటే, పక్కన చదువుకునేవారు ఆ రొదకు విసిగిపోయేవారట. రెండో ప్రపంచ యుద్ధంలో పైకప్పు కూలి పులి ముక్కలైంది. తర్వాత అతికి నిలబెట్టారు. అంత వయసున్న తిత్తులను ఇప్పుడు అద్దాల వెనక దాచినందుకు మ్యూజియాన్ని తప్పు పట్టను.

దోపిడీ పాపమంతా తెల్లవారిదే అనడానికీ నోరు రాదు. మాది అనంతపురం. శ్రీరంగపట్నం ముట్టడిలో నిజాం సైన్యమూ ఉంది. మైసూరు నుంచి వాటాగా దక్కిన నేలనే నిజాం 1800లో కంపెనీకి రాసిచ్చాడు. మా జిల్లాలకు దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే.

శ్రీరంగపట్నంలోని టిప్పు వేసవి భవనం దరియా దౌలత్ మీ శాఖ కింది పురావస్తు సర్వేక్షణ సంస్థ చేతిలోనే ఉంది. గొట్టాల కొలతలు, శ్రుతులు, తిత్తుల అమరిక లండన్ నుంచి అడిగి తెప్పించండి. మోగే నమూనా ఒకటి చేయించి అక్కడ పెట్టండి. చెక్కపనికి చన్నపట్నం దారిలోనే ఉంది. తిత్తులూ శ్రుతులూ మన హార్మోనియం పనివారికి కొట్టినపిండి.

పిడి మాత్రం గట్టి ఇనుముతో చేయించండి. బడిపిల్లలు వచ్చిన రోజున దానికి విశ్రాంతి ఉండదు.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక సంగీత ఉపాధ్యాయుడు