ఓడ దిగినవాళ్ల డబ్బు ఊరికి చేరాలంటే

సంపాదకుల వారికి,

విశాఖ పోర్టులో సుమారు రూ.96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ (విహార ఓడల) టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. ఓడ వచ్చినప్పుడల్లా పర్యాటకానికి ఊపు వచ్చిందంటున్నారు. ఆ ఊపు ఎవరికో లెక్కేసి చూడాలి.

ఓడ ఉదయం 8కి బెర్తు (ఓడను కట్టేసే చోటు) చేరి సాయంత్రం 6కి బయల్దేరిందనుకుందాం. తనిఖీలకు, దిగడానికి ఓ గంట పోతుంది. బయల్దేరడానికి గంట ముందే అందరూ ఎక్కాలి. భోజనం ఖర్చు టికెట్‌లోనే కట్టేశారు కనుక మధ్యాహ్నానికి చాలామంది ఓడకే వెళ్తారు. రానూపోనూ ఆరేడు గంటలు పట్టే అరకు ఈ సమయంలో కుదరదు. ఇక మిగిలినవి కైలాసగిరి, బీచ్‌రోడ్డు, కురుసుర. వెయ్యి మంది దిగితే 40 సీట్ల బస్సులు 25 కావాలి. అన్నీ ఒకేసారి కురుసుర దగ్గర ఆగితే, మనిషి వెనక మనిషి నడవాల్సిన ఆ జలాంతర్గామి ముందు క్యూ కదలదు, బీచ్‌రోడ్డు కదలదు. బస్సులను అరగంట తేడాతో వేర్వేరు చోట్లకు పంపాలి.

ఈ బస్సు టూర్లు ఓడలోనే అమ్ముడవుతాయి. ధరలో ఓడ కంపెనీ వాటా పోగా మిగిలిందే ఇక్కడి ఆపరేటరుకు. తమ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుందని, సొంతంగా వెళ్తే ఆగదని కంపెనీలు ముందే చెబుతాయి. అందుకే ఆటో ఎక్కడానికి జనం జంకుతారు. పైగా సీఐఎస్‌ఎఫ్ కాపలా ఉన్న పోర్టులోకి పాస్ లేని ఆటో రాదు. రైల్వేస్టేషన్‌లో మాదిరి ప్రీపెయిడ్ కౌంటరు పెట్టి, రసీదు మీద ఛార్జీతోపాటు తిరిగి దింపే టైమూ రాసివ్వాలి. ఏటికొప్పాక బొమ్మల స్టాలుకు ఏడాది అద్దె అడిగితే ఏ కళాకారుడూ రాడు. వచ్చే ఓడలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని! ఓడ ఉన్న రోజుకే అద్దె తీసుకోండి, కార్డు మెషిన్ ఇవ్వండి. యూపీఐ ఒక్కటే ఉంటే విదేశీయుల్లో చాలామంది కొనలేరు.

అసలు డబ్బు ఓడ ఇక్కడి నుంచే ప్రయాణం మొదలుపెట్టినప్పుడు వస్తుంది. 2022లో కార్డీలియా ఓడ విశాఖ నుంచి అలాగే నడిచింది. బయటూరి ప్రయాణికులు ముందు రోజే వచ్చి హోటల్లో దిగుతారు; కూరలు, చేపలు, పాలు ఇక్కడే ఎక్కించుకోవచ్చు. అయితే సరుకు ఓడవాళ్లు చెప్పిన రెండు మూడు గంటల వ్యవధిలోనే బెర్తుకు చేరాలి, ఆలస్యమైతే వెనక్కే. బిల్లేమో వారాల తర్వాత. చిన్న రైతు ఒంటరిగా ఇది తట్టుకోలేడు. కోల్డ్ స్టోరేజీ ఉన్న రైతు సంఘాలను ఓడలకు సరుకు అందించే ఏజెంట్లతో కలపాలి.

ఓడ లోపలికి వచ్చేటప్పుడు చానెల్ (పోర్టులోకి వచ్చే నీటిదారి) ఖాళీ చేయించాలి. వేట ముగించి తెల్లవారుజామున వేలానికొచ్చే బోట్లు బయట ఆగితే చేప ధర పడిపోతుంది. బోటు యజమానులకు ఒకరోజు ముందే టైము చెప్పాలి, వీలైతే ఓడనే వేలం ముగిశాక రప్పించాలి.

అలాస్కాలోని జూనోలో జనం సుమారు 32 వేలు. 2023లో ఓడల్లో వచ్చినవాళ్లు 16 లక్షల పైనే. 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలే అని హద్దు పెట్టుకున్నారు. తలకింత అని అక్కడ వసూలు చేసే రుసుమును ఓడలతో సంబంధం లేని పనులకు వాడారని కంపెనీల సంఘం 2016లో కోర్టుకెళ్లింది. మనకింకా హద్దు అవసరం రాలేదు. ఇక్కడి రుసుములో మాత్రం జీవీఎంసీకి (నగరపాలక సంస్థకు) వాటా ఇచ్చి, అది చెత్త, ట్రాఫిక్, టాయిలెట్లకేనని ఇప్పుడే రాసిపెట్టాలి.

ఒక పాఠకుడు,
విశాఖపట్నం